సార్ ఆపరేషన్‌లో ఉన్నారు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి నాంపల్లి వైపు తిరిగే సందులో ఒక నర్సింగ్ హోమ్. సోమవారం మధ్యాహ్నం, ఓపీ పలచబడే వేళ. కౌంటర్ వెనక తాతారావు, ఆ కుర్చీలోనే తల నెరిసిన మనిషి. ఎదుట మెదక్ నుంచి వచ్చి, మొదటి ఉద్యోగం కోసం గడపగడపా తొక్కుతున్న స్టెఫీ. ఇంత పెద్ద ఊళ్ళో ఆ పిల్లకు తెలిసిన మొహం అదొక్కటే.

"గదే అడుగుతున్న అంకుల్. సార్ ఉన్నరా, లేరా?"

"ఉన్నారమ్మా. ఉన్నారు గానీ, ఆపరేషన్‌లో ఉన్నారు."

"పోయిన సోమవారం గూడ ఆపరేషన్‌లనే ఉండె."

"సర్జన్ అన్నాక ఆపరేషన్‌లో కాక ఇంకెక్కడుంటాడు? సినిమా హాల్లో ఉంటాడా? కూర్చో, ఆ బెంచీ మీద కూర్చో. ఎండనపడి వచ్చావు. నడిచే వచ్చావా?"

"మొజంజాహీ మార్కెట్ కాడ బస్సు దిగి నడిచిన. అంకుల్, నా చదువు రాసిన కాగితమైతే సార్‌కు ఇచ్చిన్రు గద?"

"ఇచ్చానమ్మా. నువ్వొచ్చిన మొదటి రోజే ఇచ్చాను."

"ఏమన్నరు?"

"ఏమంటారు... చూస్తామన్నారు. చెయ్యి కడుక్కురా. అన్నం చల్లారిపోతుంది."

"పొద్దుగాల వండింది ఇప్పుడు చల్లారేదేంది అంకుల్?"

"మాటకు మాట చెప్పకు. కడుక్కురా ముందు."

"... కడుక్కున్న. నల్లా కాడ వరలక్ష్మి సిస్టర్ ఉన్నది. నన్ను చూసి ఎప్పటిలెక్కనే తల తిప్పుకున్నది."

"ఆవిడంతే. ఇక్కడి సిస్టర్లందరికీ పెద్ద కదా, ఎవరినీ లెక్కచెయ్యదు. ఏమైనా అన్నదా?"

"ఏమంటది?"

"ఏం లేదు, ఊరికే అడిగాను. ఇదిగో, నీ డబ్బా. అరటికాయ కూర. ఆవ పెట్టాను."

"ఉండండి, ఉండండి. ముద్ద నోట్ల పెట్టకండి. ప్రార్థన."

"పెట్టలేదమ్మా, పట్టుకునే కూర్చున్నాను. మొదటి రోజంటే తెలియక తినేశాను."

"... ఆమెన్. ఇగ తినండి."

"నీ ప్రార్థన వారం వారం పొడుగైపోతోంది. ఈ కాస్త అన్నానికి అంత అవసరమా?"

"అన్నం కోసం జరంతనే. మిగిలిందంత మీ సార్ కోసం."

"సార్ కోసమా? ఎందుకూ?"

"పాపం, ఎప్పుడు చూసినా ఆపరేషన్‌లనే ఉంటరు గద. చేతులు గుంజుతయేమో అని... అంకుల్! ఏమైంది? పొలమారిందా? నీళ్ళు, నీళ్ళు తాగండి. ఎవరో తలుచుకుంటున్నరు మిమ్మల్ని."

"నన్ను తలుచుకునేవాళ్ళెవరమ్మా. ఆవ ఘాటు."

"మీరే వండిన్రు, మీకే ఘాటా?"

"ఒక్కడికి ఏం వండుకుంటాను? మిగతా రోజులు చారు నీళ్ళే. సోమవారం వస్తేనే చెయ్యి ఆవ దాకా పోతుంది. నా సంగతికేం గానీ, నిన్నంతా ఏం చేశావు?"

"నిన్ననా? మందిరానికి పోయిన. అందరూ వందనాలు చెప్పిన్రు. చెప్పి ఎవరింటికి వాళ్ళు పోయిన్రు. హాస్టల్ రూముల ఒక్కదాన్ని కూసోలేక అబిడ్స్‌ల ఆదివారం రోడ్డు మీద అమ్మే పుస్తకాలు చూసుకుంట తిరిగిన."

"కొన్నావా?"

"కొనలే. నిన్న పొద్దంత నాతోని మాట్లాడింది ఆ పుస్తకాలాయన ఒక్కడే అంకుల్. 'కొంటవా, ఉత్తగ చూస్తవా' అన్నడు."

"ఏం చెప్పావు?"

"చూస్త అన్న. జరగుమన్నడు."

"... ఇంకాస్త కూర వేసుకో."

"చాలు. అంకుల్, ఒక సంగతి చెప్పాలె. వచ్చే సోమవారం నేను రాను."

"రావా? ఊరెళ్తున్నావా?"

"నౌకరి దొరికింది. ఖైరతాబాద్‌ల."

"ఓహో... మంచిదే. మంచి మాటే కదా! వచ్చీ రాగానే చెప్పాలి గానీ, కూరంతా అయ్యాక చెప్తారా? పెద్దాసుపత్రేనా?"

"పెద్దదే. స్టాఫ్ నర్స్‌గ తీసుకుంటరట."

"మరి ఆ మొహమేమిటి అట్లా ఉంది?"

"నా చదువు తీసెయ్యమన్నరు. కాగితం మీద ఆఖరి లైన్ కొట్టేసి తీసుకరా, రేపు డ్యూటీల చేరు అన్నరు. నర్స్ ప్రాక్టీషనర్ అని ఉంటే వాళ్ళకు ఇబ్బందట."

"చదివిన చదువుతో ఇబ్బందేమిటి?"

"'నువ్వు డాక్టరువా, నర్సువా' అన్నరు. రెండిట్ల మధ్యల సార్ అన్న. 'మధ్యల మా దగ్గర కుర్చీ లేదమ్మా' అన్నరు. డాక్టర్ల రూముల కూసుంటే డాక్టర్లు ఊకోరు, సిస్టర్ల కాడ కూసుంటే సిస్టర్లు ఊకోరు. 'ఇంతకు నువ్వు అన్నం డబ్బా ఏడ విప్పుతవు' అని అడిగిండు ఆ మేనేజర్."

"రెంటికీ చెడ్డ రేవడి చేశారన్నమాట నిన్ను."

"ఔ. ఇంకో కాడనేమో అనుభవం లేదన్నరు. మీరు తీసుకుంటేనే గద అనుభవం వచ్చేది అన్న. తీసుకోవాలంటే అనుభవం ఉండాలె అన్నరు."

"పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు."

"నవ్వకండి."

"నవ్వట్లేదమ్మా. అసలింతకీ ఏం చదివావు నువ్వు? ఇన్ని సోమవారాలు కలిసి తిన్నాం, ఒక్కనాడూ అడగలేదు."

"నర్సింగ్ అయినంక ఇంకో రెండేండ్లు. ఐసీయూల మిషన్ మీద ఊపిరి తీసుకునే మనిషి ఉంటడు గద, ఆయన కాడ ఉండి చూసుకునుడు. గాలి ఎంత పెట్టాలె, బీపీ పడిపోతే ఏ మందు ఎంత పెంచాలె, మిషన్ ఎప్పుడు తియ్యొచ్చు... పెద్ద డాక్టర్ పెట్టిన పద్ధతి ప్రకారం మేమే చూస్తం. ఆయన వచ్చేదాకా మనిషిని చెయ్యి జారనియ్యం. గంతే."

"అంటే... అంటే నువ్వు ఆర్‌ఎంపీవి కాదా?"

"ఆర్‌ఎంపీనా!"

"అదే, ఊళ్ళల్లో సూదులేసి, గ్లూకోజు ఎక్కించి... పట్టా పాడూ లేకుండా..."

"అయ్యో అంకుల్! నాది యూనివర్సిటీ పట్టా. ఆర్‌ఎంపీ అని ఎవరు చెప్పిన్రు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. కాగితం మీద ప్రాక్టీషనర్ అని ఉంది కదా. ఆర్‌ఎంపీలో ఆఖరు అక్షరం అదేగా."

"ఆఖరు అక్షరం ఒకటైతే ఆర్‌ఎంపీనే అయితనా? నాకు నవ్వొస్తున్నది. ఏంది, మీరు తినుడు బందు పెట్టిన్రు?"

"తింటున్నాను."

"ముద్ద చేతిలనే ఉన్నది."

"తింటున్నానమ్మా. నువ్వు కానియ్యి."

"నాది కూరన్నం అయ్యింది. పెరుగన్నం జరాగి తింట. ముంగట ఫోన్ చెయ్యాలె. వస్తనో రానో ఈ మధ్యాహ్నమే చెప్పమన్నరు ఖైరతాబాదోళ్ళు. వస్త అని చెప్పేస్త. ఆ లైన్ కొట్టేస్త. ఇంకెన్ని దినాలు గిట్ల—"

"చెయ్యకు."

"ఏంది?"

"ఆ ఫోన్. చెయ్యకు. కాస్త ఆగు."

"ఎందుకు? సార్ ఆపరేషన్ అయిపోవచ్చిందా?"

"సార్ ఆపరేషన్‌లో లేరమ్మా."

"ఊఁ."

"సోమవారం ఇక్కడ ఆపరేషన్లే ఉండవు. ఎప్పుడూ లేవు. నువ్వొచ్చిన ప్రతిసారీ ఆయన పైన గదిలోనే ఉన్నారు. ఇప్పుడూ ఉన్నారు."

"అట్లనా."

"మొదటి రోజు నీ కాగితం పట్టుకెళ్ళి ఏమన్నానో తెలుసా? 'ఆర్‌ఎంపీ అమ్మాయి ఎవరో వచ్చిందండీ, ఉద్యోగం కావాలిట' అన్నాను. ఆయన కాగితం విప్పి కూడా చూడలేదు. 'నా ఆసుపత్రిలో ఆర్‌ఎంపీలేమిటయ్యా, పంపించెయ్' అన్నారు. ఐసీయూలో రాత్రిళ్ళు తెలిసి చూసేవాళ్ళు లేరని ఆయనే తల బాదుకుంటారు, ఆయనే వద్దన్నారు. నీ నోటి దగ్గర కూడు నా నోటితో తీసేశాను."

"తప్పు చదివిన్రు, సరే. వద్దన్నరన్న మాటన్న నాకు చెప్పొచ్చు గద?"

"చెబుదామనే అనుకున్నా. ఈ కుర్చీలో కూర్చున్నందుకు వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను అడిగేది ఒకటే, డాక్టరుగారున్నారా అని. నా గురించి అడిగేవాళ్ళుండరు. నువ్వు మొదటి రోజు నా డబ్బాలో సగం తిని, 'అంకుల్, కూర మీరే వండిన్రా' అన్నావు. నా భార్య పోయాక నా వంట తిన్న మనిషివి నువ్వొక్కదానివే. వద్దన్నారని చెబితే మళ్ళీ రావు కదా."

"నీళ్ళు తాగండి అంకుల్."

"తిట్టమ్మా. ఏదో ఒకటి అను."

"ఏమనాలె?"

"ఉండు. ఈ ఫోను ఇటివ్వు, పైగదికి కలిసేది... సార్, కింద నుంచి తాతారావునండీ. కాదండీ, బిల్లు సంగతి కాదు. అప్పట్లో ఒకమ్మాయి కాగితం తెచ్చాను చూడండి, ఆర్‌ఎంపీ అని... ఆవిడ ఆర్‌ఎంపీ కాదండీ. నేనే తప్పు చెప్పాను. ఐసీయూ చదువండీ, రెండేళ్ళు. నర్స్ ప్రాక్టీషనర్... అవునండీ... అవునండీ, నా బుద్ధి తక్కువే... ఇక్కడే ఉందండీ. అన్నం తింటోంది... సరేనండీ."

"ఏమన్నరు?"

"రమ్మంటున్నారు. ఉద్యోగం ఇస్తారో ఇవ్వరో నాకు తెలియదు. నాకు మాత్రం బాగానే చివాట్లు పెట్టారు. వెళ్ళు. మెట్లెక్కగానే ఎడమచేతి గది. ఆ లైను కొట్టెయ్యకు, గట్టిగా చదువు ఆయన ముందు."

"డబ్బా మూత పెట్టకండి. పెరుగన్నం వచ్చి తింట."

"పెరుగన్నం ఎక్కడికీ పోదు. వెళ్ళు... స్టెఫీ! నా మీద కోపం లేదా నీకు?"

"నాకు ఎరకే అంకుల్."

"ఏమిటి?"

"సార్ వద్దన్న సంగతి. రెండో సోమవారమే ఎరకయింది. చెయ్యి కడుక్కోను పోతే వరలక్ష్మి సిస్టర్ చెప్పింది. 'మా సార్ వద్దన్నరు, ఇంకేడనన్న చూసుకో' అని. ఎందుకు వద్దన్నరని నేను గూడ అడగలే. అందరూ అనేదే గద అనుకున్న."

"తెలిసీ... అంతా తెలిసీ, మరి ఇన్ని సోమవారాలు ఎందుకొచ్చావమ్మా?"

"ఆ రోజు బ్యాగ్ తీసుకొని పోదామనే బెంచీ కాడికొచ్చిన అంకుల్. వచ్చి చూస్తే, మీరు రెండు డబ్బాలు విప్పి పెట్టిన్రు."