మార్తమ్మగారి జున్నుపాలు

గుండుగొలనులో మే నెల, ఎండ ఇంకా దిగని సాయంత్రం. వంటింట్లో అత్తగారు విక్టోరియా, కోడలు దీవెన. పెరటి వరండాలో దీవెన భర్త శ్యామ్ సుందర్, చేపలు కాల్చుకునే బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, విసనకర్రతో కుస్తీ పడుతున్నాడు. ఆరున్నరకి గూడెం నుంచి అతని కాలేజీ స్నేహితులు రాజకుమార్, లలితకుమారి వస్తారు. దీవెన ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఈ రెండు నెలల్లో ఆ గుమ్మం తొక్కబోయే మొదటి అతిథులు వాళ్లే.

“కరిగిపోయిందండీ.”

“ఏం కరిగిపోయిందమ్మా?”

“చీజ్. ఆయన తెచ్చింది. పుల్లకి గుచ్చి కుంపటి మీద పెట్టానండీ. పైనాపిల్ ముక్కలు మిగిలాయి, చీజ్ బొగ్గుల్లో పడింది.”

“అయ్యయ్యో. డబ్బా మొత్తమా?”

“సగం.”

“మరి ఫోన్‌లో ఆ అమ్మాయి చేస్తే కరగలేదు కదే?”

“కరగని చీజ్ వేరే ఉంటుందటండీ. కింద రాశారు. నేను చూసుకోలేదు.”

“నువ్వు చూసుకోకపోతే తెచ్చినవాడు చూసుకోవద్దూ? ఒరేయ్ శ్యామూ! ఏం తెచ్చావురా?”

“షాపులో చీజ్ ఇవ్వండి అన్నానమ్మా, చీజ్ ఇచ్చాడు. కరుగుతుందా, కరగదా అని ఎవరైనా అడుగుతారా?”

“పనీర్ అడగాల్సింది.”

“అడిగాను. పెళ్లిళ్ల సీజన్, అయిపోయిందన్నాడు. దీవెనా, పోనీ మానేద్దామా? రాజకుమార్‌కి పకోడీలు పెట్టినా చాలు, పండగ చేసుకుంటాడు.”

“మీ ఇష్టమండీ.”

“నా ఇష్టం కాదు. నీకు చెయ్యాలనుందా అని.”

“చెయ్యమంటే చేస్తానండీ.”

“వద్దంటే?”

“మానేస్తానండీ.”

“విన్నావా అమ్మా? ఏమడిగినా ఇదే. తిను అంటే తింటుంది, పడుకో అంటే పడుకుంటుంది. నేను మాట్లాడేది మనిషితోనా...”

“నువ్వు ఊరుకోరా. వెళ్లి నిప్పు చూసుకో. బూడిద పడుతోంది, చూడు. వెళ్లు. దీవెనమ్మా, ఒక పని చేద్దాం. జున్నుంది కదా.”

“జున్నా అండీ?”

“పొద్దున వండాను. మొదటిపూట పాలు, చాకుతో కోస్తే ముక్క ఇటికలా నిలబడుతోంది. నాకు షుగరు కదా, ఒక గిన్నె విడిగా తీసి, బెల్లం వెయ్యకుండా ఉప్పూ మిరియాలూ వేశాను. అది కరగదు. అట్లపెనం మీద నెయ్యి రాసి ముందు ఎర్రగా కాలుద్దాం, తరవాత పుల్లకి గుచ్చుదాం.”

“విరిగిపోతుందేమోనండీ.”

“విరిగిన ముక్కలు మనం తిందాం. చీజంటే ఏంటి, పాలముద్దే కదా. జున్ను మాత్రం కాదా? కొయ్యి. మరీ చిన్నవి కాదు, పైనాపిల్ ముక్కంత ఉండాలి. ఆ, అలా. తల్లో ఈ మల్లెపూలు పెట్టుకుని కొయ్యి, మొహం కాస్త తేటగా ఉంటుంది.”

“వద్దండీ.”

“ఇప్పుడే కట్టాను. ఒక మూర.”

“ఆ వాసన వద్దండీ. మీరు పెట్టుకోండి.”

“సరేలే. పెనం వేడెక్కింది, పెట్టు ముక్కలు. చూశావా? చూశావా, ఎలా నిలబడ్డాయో! మీ ఆయన తెచ్చిన డబ్బా ఎందుకూ పనికిరాదు.”

“ఇంత జున్ను ఎక్కడిదండీ?”

“పక్కింటి మార్తమ్మ పంపింది. వాళ్ల గేదె నిన్న ఈనింది కదా.”

“జున్నుపాలు గ్లాసుడు పంపుతారు. ఇవి రెండు లీటర్లున్నాయి.”

“ఆవిడది పెద్ద చెయ్యమ్మా.”

“కిందటి ఈతకి గ్లాసే పంపారు.”

“అప్పుడది తొలిచూలు. పాలెక్కడివి? మామిడిముక్కలు కూడా గుచ్చుదామా? దోరగా ఉన్న బంగినపల్లి ఒకటుంది.”

“దూడకి ఉంచరా అండీ?”

“ఉంచుతారు, ఉంచకేం. గుచ్చే కొబ్బరి ఈనెలు నానాయేమో చూడు.”

“నానాయండీ. మళ్లీ అరుస్తోంది.”

“ఏది?”

“మార్తమ్మగారి గేదె. నిన్నటి నుంచి.”

“ఎండకమ్మా. మనకే ప్రాణం మీదికొస్తోంది, నోరులేనిది, దానికుండదూ?”

“తెల్లారకుండా కూడా అరిచిందండీ.”

“ఉక్క. వాన పడితేగాని తగ్గదు. పైనాపిల్‌కి ఏవో రాయాలన్నావు?”

“తేనె, నిమ్మరసం, కారం. రాసేశానండీ.”

“ఎంత బాగా చేశావమ్మా! నేను చెప్పలేదూ? చెయ్యి పనిలో పడితే మనసు కూడా మెల్లగా...”

“అత్తయ్యగారూ.”

“ఊఁ.”

“పాపని ఎక్కడ పెట్టారండీ?”

“చాకు అలా పట్టుకోకు. ఇలా ఇవ్వు, నేను కోస్తాను.”

“ఇవాళైనా చెబుతారేమోనని.”

“ఇవాళ వద్దమ్మా. ఇంటికి నలుగురూ వస్తున్నారు.”

“ఎవరూ రాని రోజు కూడా వద్దనే అన్నారండీ. ఆదివారం అడిగితే ఆదివారం వద్దన్నారు. సోమవారం మీకు తలనొప్పి. నేనేం గోల చెయ్యనండీ. అసలు ఏడుపే రావట్లేదు. ఎక్కడో తెలిస్తే ఒకసారి చూసొస్తాను. అంతే.”

“ఒకసారితో ఆగుతావా? రోజూ వెళ్తావు. అక్కడే కూర్చుంటావు. శ్యాము భయమంతా అదే.”

“ఆయన భయం ఆయనది. మీరిద్దరూ చూశారు కదండీ పాపని. కన్నదాన్ని నేను. ఫిట్స్ వచ్చి, మత్తులో పడున్నాను. మూడోరోజు కళ్లు తెరిస్తే పొట్టా లేదు, పాపా లేదు.”

“చూడ్డానికేముందమ్మా? ప్రాణం లేకుండా పుట్టింది. డాక్టరమ్మ చెప్పింది కదా.”

“డాక్టరమ్మ నాకేం చెప్పలేదండీ. మీరు చెప్పారు. ఆయన చెప్పారు.”

“ముక్క తిప్పు, ముక్క తిప్పు, మాడుతోంది.”

“అమ్మా, నిప్పులు సిద్ధం. ఇంకా కాలేదా? ఏంటి, ఏమైంది?”

“ఏం కాలేదురా. ఇవిగో, పుల్లలు పట్టుకెళ్లు. ఊరికే సెగ తగలనిచ్చి తీసెయ్యి, జున్ను ముందే కాలింది.”

“అబ్బో, భలే ఉన్నాయే! దీవెనా, నువ్వేనా గుచ్చింది?”

“అవునండీ. ఏవండీ, వాళ్లకి ఏం చెప్పారు?”

“ఎవరికి?”

“రాజకుమార్‌గారికి. లలితకుమారిగారికి.”

“ఏం చెబుతాను? భోజనానికి రమ్మన్నాను. ఆ సంగతి ఎత్తొద్దన్నాను. నీ మంచికే.”

“ఎత్తకపోతే ఇంకేం మాట్లాడతారండీ?”

“మాట్లాడుకోడానికి సంగతులే లేవా? కాలేజీ ఉంది, కొల్లేరు ఉంది. ఇదిగో, నువ్వు చేసిన ఇది ఉంది. దీని పేరేంటని అడుగుతారు.”

“పేరు లేదండీ.”

“లేకపోతే పెట్టేద్దాం. మనం పెట్టిందే పేరు. ఏం పేరు పెడదాం, చెప్పు.”

“మీరే చెప్పండి. పేరు పెట్టడం నాకెప్పుడూ కుదరలేదు.”

“నేను... అమ్మా, ఐస్ లేదు కదూ? వెళ్లి తెస్తాను. పుల్లలు నువ్వు చూసుకో. పది నిమిషాల్లో వచ్చేస్తా.”

“ఒరేయ్, ఐస్ ఉందిరా ఫ్రిజ్‌లో! వెళ్లిపోయాడు. వాణ్ణలా అనకమ్మా. వాడూ సరిగ్గా తింటున్నాడా, నిద్రపోతున్నాడా?”

“నేనేమీ అనలేదండీ.”

“అనలేదులే. రా, వరండాలోకి రా. చూడు, రంగెలా తిరుగుతోందో. ఒకటి రుచి చూడు.”

“బాగుందండీ.”

“నోట్లో పెట్టుకోకుండానే?”

“బాగుంటుందిలెండి. మార్తమ్మగారి గిన్నె కడిగి పెట్టాను. ఉత్తది ఇవ్వకూడదు కదా. నాలుగు పుల్లలు వేసి ఇచ్చొస్తానండీ.”

“వద్దు వద్దు! నేనిస్తాను.”

“గోడ పక్కనే కదండీ.”

“వద్దన్నానా? నువ్వు చీర మార్చుకో. వాళ్ల పెరడంతా పేడ, బురద. నేను వెళ్తానులే.”

“దూడ చచ్చిపోయిందని నాకు తెలుసండీ.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. పొద్దున బట్టలారేస్తుంటే గోడ మీంచి కనబడింది. మార్తమ్మగారాయన తాతారావుగారు దూడ తోలుకి ఉప్పు రాసి ఎండబెడుతున్నారు. అందులో గడ్డి కూరి, నాలుగు కర్రలు కట్టి నిలబెడతారటండీ. దాన్ని నాకుతూ గేదె పాలు చేపుతుందట. మార్తమ్మగారితో అంటుంటే విన్నాను.”

“అదంతా చూస్తూ నిలబడ్డావా!”

“మీరు ఎండన్నారు.”

“మరేం చెప్పమంటావమ్మా? దూడ పోయిన గేదె పాలని నీతో చెబుతానా? చెప్పి, నీ చేత జున్ను కోయిస్తానా? అసలా పాలు తీసుకోకూడదనుకున్నాను. మార్తమ్మ గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడితే కాదనలేకపోయాను.”

“మిమ్మల్ని తప్పు పట్టట్లేదండీ. నాకు పాలు ఆగిపోవడానికి మాత్రలిచ్చారు. పూట పూటకీ జాకెట్టు తడిసిపోతుంటే మీరు గుండెల మీద మల్లెపూలు కట్టారు. పాలు ఇంకిపోతాయని. దానికేమో పాలు ఆగకూడదని బొమ్మ పెడుతున్నారు. పొద్దుట్నుంచి అదే అనుకుంటున్నాను, అంతే.”

“అది పశువమ్మా. బొమ్మో, దూడో దానికేం తెలుస్తుంది?”

“తెలియకపోతే ఎందుకు అరుస్తుందండీ?”

“దీవెనా...”

“మార్తమ్మగారికి చెప్పండి, ఆ బొమ్మ పెట్టొద్దని. నీ దూడ పోయిందని దానికి తెలియనివ్వమనండి. నాలుగు రోజులు అరిచి అదే ఊరుకుంటుంది. నాకు అరవడం కూడా రావట్లేదండీ. ఎటు తిరిగి అరవాలో తెలియట్లేదు. నా ముందు కూడా గడ్డిబొమ్మలే పెడుతున్నారు మీరంతా. పకోడీలు, పైనాపిల్, రాజకుమార్‌గారు.”

“ఆ పుల్లలు పక్కన పెట్టు. కూర్చో.”

“కూర్చోనండీ. చెప్పండి.”

“మన గుడి సమాధుల తోటలోనే. మీ మావయ్యగారి పక్కన, గన్నేరు చెట్టు వైపు. నేను, శ్యాము, పాస్టరుగారు. ఇంకెవరూ లేరు.”

“మన గుడి వెనకేనా?”

“మన గుడి వెనకే.”

“ఆదివారం ఆదివారం నేను ఆ గుడికే వస్తున్నాను కదండీ.”

“అందుకే నిన్ను ముందు గుమ్మంలోంచి తీసుకెళ్తున్నాను.”

“గుర్తు ఏమైనా ఉందా?”

“చిన్న సిమెంటు పలక. తడిగా ఉండగా పుల్లతో పేరు రాశాను.”

“ఏం పేరు?”

“కృప. మా అమ్మ పేరు కృపమ్మ. ఆ క్షణానికి నాకదే తోచింది. నీకు నచ్చకపోతే...”

“కృప. బాగుందండీ. పాస్టరుగారు అక్కడే పెట్టారా పేరు?”

“ఆయన కాదు. నేను పెట్టాను.”

“సమాధి దగ్గరా?”

“కాదు. ఆసుపత్రిలో. ఆయన వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని, మంచినీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు నుదుట చల్లి, నేనే ఇచ్చేశాను.”

“ఏమిచ్చేశారు?”

“ఆ నిప్పులు చూడమ్మా, ముక్కలు...”

“బాప్తిస్మమా?”

“ఊఁ.”

“ప్రాణం లేని బిడ్డకి బాప్తిస్మం ఇవ్వరండీ.”

“ఇవ్వరు.”

“ముప్పై ఏళ్లు సండేస్కూల్లో పాఠం చెప్పారు మీరు. మీకు తెలియదా?”

“తెలుసమ్మా.”

“తెలిసీ ఇచ్చారా? దేనికి ఆలస్యమైపోతుందని? అత్తయ్యగారూ, ఇటు చూడండి. దేనికి?”

“శ్యాము నా చేత బైబిలు మీద చెయ్యి వేయించాడు. ప్రాణం లేకుండా పుట్టిందంటే దీవెన ఎప్పటికైనా మరిచిపోతుంది, కాసేపు ప్రాణంతో ఉండి పోయిందంటే తను బతకదమ్మా అని కాళ్లు పట్టుకున్నాడు. ఒట్టు తప్పాను, దేవుడు నన్నే అడగనీ. గుండెలో లోపమన్నారు. చెయ్యడానికేమీ లేదన్నారు. నువ్వు లోపల, వాడు రక్తం కోసం బయట. నా ఒళ్లో పెట్టారు. నలభై నిమిషాలు.”

“ఏడ్చిందా అండీ?”

“ఏడవలేదమ్మా. పాల కోసం నా జాకెట్టంతా వెతుక్కుంది.”