పోల్చడానికి పెట్టిన సెక్షన్

ఏమే అమ్మలూ, పొద్దుటి నుంచీ ఆ పుస్తకం మీద పెన్సిలు గీతలేమిటి? పరిశోధనా పద్ధతులా. ఒక తరగతికి కొత్తరకంగా పాఠం చెప్పి, ఇంకో తరగతికి పాతరకంగానే చెప్పి, చివర్న మార్కులు పోల్చి చూడటం, అంతేగా? మీ తాతకేం తెలుసులే అనుకోకు. ఆ పోల్చడానికి పెట్టిన తరగతిలో కూర్చున్నవాణ్ణి నేను. నవ్వకు, చెప్తాను విను. పగలంతా గోడౌన్లో మూటలు మోసి, చొక్కా మార్చుకుని సాయంకాలం కాలేజీకి పరుగెత్తేవాణ్ణి. మీలాగా వడ్డించిన విస్తరి కాదమ్మా మా చదువు. అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి ఒకావిడ ఉండేది, మేడమ్ అనేవాళ్లం. పోయి చాలా ఏళ్లయింది. అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. డాక్టరేటు వస్తే ఉంటుంది, రాకపోతే ఏడాది చివర ఇంటికే. ఇంట్లో తల్లి మంచం మీద, తమ్ముడి చదువు సగంలో, పొయ్యి వెలిగేది ఆవిడ జీతం మీదే. ఆవిడ పరిశోధనా నువ్వు చదివేదాని లాంటిదే. మొదటి సెక్షన్‌కి నోట్సు ఉండదు. కథ చదివించి, 'ఇందులో ఎవరు మాట్లాడటం లేదు? ఎందుకు?' అని అడిగేది. అదేదో సిద్ధాంతమట, పేరు నువ్వే చెప్పాలి. రెండో సెక్షన్ మాది. మాకు చదివి, అర్థం చెప్పి, నోట్సు రాయించాలి. పరీక్ష దాకా అది మారకూడదని ఆవిడ పరిశోధన చూసే గైడు గారి ఆజ్ఞ.

క్యాంటీన్లో సంగతి పొక్కకుండా ఉంటుందా? మాలో ఒక దర్జీ ఆవిడ ఉండేది, మాట కత్తెరలా ఆడేది. నోట్సు మధ్యలో లేచి నిలబడింది. 'మేడమ్, పక్క గదిలో వాళ్లని అడుగుతారు, మాకు మాత్రం చెప్తారు. మేమేం తక్కువ తిన్నాం?' అంది. మేడమ్ 'గైడు గారు ఒప్పుకోరమ్మా' అని గొణిగింది. 'పరీక్ష గైడు గారు రాస్తారా, మేం రాస్తామా?' మేడమ్ నోట్సు కాగితాలు మడిచేసింది. ఆ రోజు కథలో యజమానీ భార్యా పోట్లాడుకుంటారు, మధ్యలో ఎవరో టీ తెచ్చిపెట్టి పోతారు. 'ఎవరు మాట్లాడటం లేదు?' అంది మేడమ్. 'టీ తెచ్చిన మనిషి' అంది దర్జీ ఆవిడ. 'ఎందుకని?' 'మాట్లాడితే పని పోతుంది గనక.' నవ్వబోయిన వాళ్లు కూడా ఆగిపోయారు. ఇంక అప్పట్నుంచీ మాకూ అదే పాఠం.

ఏముంది, పరీక్షలో రెండు సెక్షన్లూ ఒకేలా గట్టెక్కాయి. మాకు పండగే, ఆవిడకే ముంచుకొచ్చింది. ఆవిడ డాక్టరేటుకి జరిగే చివరి మౌఖిక పరీక్షకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు గదా, మేమూ వెనక బెంచీలో కూర్చున్నాం. మాకూ కొత్తరకంగానే చెప్పిన సంగతి గైడు గారికి ముందే చెప్పిందట. ఆయన గుమ్మం దగ్గరే, 'ఇంక నోరు మెదపకు, పట్టా దానంతటదే వస్తుంది' అనడం నా చెవులారా విన్నాను. బయటూరి పరీక్షకుడు అంకెలు చూసి, 'తేడా ఏమీ లేదు. అంటే మీ కొత్త పద్ధతి వల్ల ఒరిగిందేమీ లేదని తేలింది, అంతేగా?' అన్నాడు. ఊఁ అంటే చాలు, పట్టా చేతికొచ్చేది. ఆవిడ వెనక్కి తిరిగి మావైపు చూసింది. 'కాదండీ. సగం నుంచి రెండో సెక్షన్‌కీ అలాగే చెప్పాను' అంది. 'అయితే ఇది పరిశోధన కాదు' అని ఆయన పుస్తకం మూసేశాడు. 'నిజమేనండీ, కాదు' అంది. అంతే. బయటికొచ్చాక దర్జీ ఆవిడ ఒకటే నస. 'ఎందుకు చెప్పారు మేడమ్, ఊరుకుంటే పోయేదిగా.' 'ఊరుకుంటే రేపు తేడా లేదన్న ఆ కాగితమే చూపించి అందరికీ మళ్లీ నోట్సు రాయిస్తారమ్మా' అంది.

ఏం చెప్పను, చెప్పినా రాయించారు. ఆవిడ్ని పంపేసి పట్టా ఉన్నాయన్ని తెచ్చారు. రాగానే 'రాసుకోండి' అన్నాడు. దర్జీ ఆవిడ కలం మూసేసి, 'మీరు చెప్పే అర్థమే సరైందని ఎట్లా నమ్మాలి సార్?' అంది. బయటికి పొమ్మన్నాడు. పోయింది. ఆవిడ వెనకే మేమూ నలుగురం లేచిపోయాం, మహా రోషంగా. తీరా వరండాలో నిలబడ్డాక చూస్తే, ఇప్పుడెక్కడికి పోవాలో ఒక్కరికీ తెలియదు. లోపల ఆయన గొంతు, రాసుకుంటున్న కలాల చప్పుడు...

ఊఁ. ఆ మంచినీళ్లు ఇటివ్వు.