ఏటి అవతలి ఆసుపత్రి

హలో… ఆ, నేనే అక్కా, చెప్పు… ఊఁ, మీ సంబరం ఏరు దాటి మా దాకా వినిపించిందిలే. ఆసుపత్రి పైకప్పు నిండా సోలార్ పలకలట కదా…

నా గొంతుకేమైంది? మామూలుగానే ఉంది. నీకలా అనిపిస్తోంది, అంతే.

…ఫ్యానా? పురుళ్ల గదిలోనా? …టీకాల ఫ్రిజ్ కూడా ఆగట్లేదా? బాగుంది. చాలా బాగుంది.

లేదు, నేనేం కుళ్లుకోవట్లేదు…

సరే, కుళ్లుకుంటున్నా! ఏం, కుళ్లుకోకూడదా? ఇద్దరం ఒకే చోట నర్సు చదువు చదివాం. నీకేమో తారురోడ్డు పక్క ఆసుపత్రి, నాకేమో ఏటి అవతలిది. ఇవాళ పొద్దున పురుడు పోస్తుంటే కరెంటు పోయింది. గదిలో వెలుతురు చాలక, ఆయా సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే కుట్లు వేశా. అదే టైముకి మీ పలకలు మా కిటికీలోకి తళుక్కుమంటున్నాయి, తెలుసా?

…ఇద్దరూ క్షేమమే. ఆడపిల్ల… ఊఁ, బొద్దుగా ఉంది.

‘మీకూ వస్తాయిలే’ అనకు. ఎవరు తెస్తారు? పలకలు బిగించడానికి టెండరు పిలిస్తే కంపెనీలన్నీ రోడ్డు పక్కవాటికే ఎగబడ్డాయి. సామాను పడవలో దాటించాలంటే గిట్టదట. మావాటికి ఒక్కడూ ముందుకు రాలేదు.

…రేపా? పలకల సభకి పెద్దాఫీసరు మీ దగ్గరికా? …నేను రానులే. నీ ఫ్యాను కింద కూర్చుని చప్పట్లు కొట్టడానికా?

…ఆయనకేం చెప్తానంటున్నావ్? మళ్లీ అను…

దగ్గరి ఆసుపత్రులూ దూరపువీ కలిపి ఒకే టెండరు పెట్టమని… రోడ్డు పక్కవి కావాలన్నవాడు ఏటి అవతలివీ తీసుకోవాల్సిందేనని… అక్కా, ఆ మాట నాది! మొన్న నీతో అన్నది నేనే కదా!

…ఒప్పుకుంటున్నావుగా? మరి నువ్వెందుకు చెప్పడం? పలకలూ నీకే, ఫ్యానూ నీకే… ఇప్పుడు నా మాట చెప్పి మెప్పు కూడా నువ్వే కొట్టేస్తావా?

…ఏంటా నవ్వు? …నన్ను రప్పించడానికే అన్నావా?

ఎప్పుడొస్తాడాయన? …సరే, మొదటి పడవకే వస్తా. నేనే చెప్తా. పొద్దున కుట్లెలా వేశానో అదీ చెప్తా. నువ్వు మధ్యలో అందుకోకు… ముందు వరసలో నాకు కుర్చీ ఉంచు. నువ్వా? వెనక్కెళ్లి కూర్చో.

…అబ్బా, సరేలే, నా పక్కనే కూర్చో. మైకు మాత్రం నాకే ఇవ్వాలి… ఊఁ, పెట్టేస్తున్నా.