మొదటి కాగితం పైనే

1989 జూన్ పద్నాలుగో తేదీ ఉదయం ఆసుపత్రి రికార్డు గదిలో గుమాస్తాగా చేరిన మా దారం అక్కయ్యగారు, పదవీ విరమణకు వారం ఉందనగా, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తన మాత్ర గురించి భర్తా కూతురూ మూడు రోజులుగా సాగిస్తున్న వాదన వింటున్నారు. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ రోజూ వేసుకుంటున్న మాత్ర అది. ఉద్యోగపు ఒత్తిడి పోతోంది కనుక దాన్నీ మానేయవచ్చని భర్తగారి పట్టు.

"అమ్మతోపాటు మాత్రకీ రిటైర్మెంటు ఇచ్చేస్తారా నాన్నా? డాక్టర్ని అడక్కుండా ఎలా ఆపుతాం?" అంది కూతురు.

"మింగేది నా కోడలు, కొట్టుకునేది మీరు," అన్నారు అత్తగారు మజ్జిగ పోసుకుంటూ.

అక్కయ్యగారికి, మానేస్తే మళ్లీ ఆ నిద్రలేని పాత రోజులు వస్తాయేమోనని భయం. మానకపోతే ఇది ఎందుకు వేసుకుంటున్నట్టో తనకే గుర్తు లేదన్న దిగులు.

చేరిన మూడేళ్లకు ఆవిడ మా మానసిక చికిత్స విభాగం రికార్డు గదికి వచ్చారు. వరండా చివరి గది, ఇనుప అరలు, పాత కాగితాల వాసన, ఒక కాలు పొట్టిదైన స్టూలు. ఫైలులో కొత్త కాగితం పైకి రావడం, పాతది అడుక్కి పోవడం అంతటా ఉన్న పద్ధతే. అందువల్ల డాక్టరు కంటబడే కాగితం మీద "పాత మందే" అన్న రెండు మాటలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. మనిషి నిలబడి ఉండగానే సంతకం అయిపోయేది. అక్కయ్యగారు, ఎవరూ చెప్పకుండానే, ఆ మనిషి తొలిసారి వచ్చి తన బాధ చెప్పుకున్న మొదటి కాగితాన్ని తీసి అన్నిటికన్నా పైన పెట్టి, తెల్లదారంతో కట్టడం మొదలుపెట్టారు. పని రెట్టింపైందని మేము సణుక్కున్నాం. ఆ ముడి విప్పడానికి పళ్లు కావాలని డాక్టర్లు నవ్వేవారు. దారం అక్కయ్య అన్న పేరు ఆవిడకు అలా స్థిరపడింది.

పదకొండేళ్లుగా మాత్రల కోసం వచ్చే బస్సు డ్రైవరు ఒకాయన ఉండేవారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మగారు పై కాగితంలో పదకొండేళ్ల నాటి బస్సు ప్రమాదం గురించి చదివి, "ఆ బ్రేకు చప్పుడు ఇంకా వినబడుతోందా?" అని అడిగారు. చీటీ అందుకుని గుమ్మం దాకా వెళ్లిన మనిషి వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పదకొండేళ్లలో ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఆయన మాత్రలు మానలేదు. ఏడాది తర్వాత సగమయ్యాయి. ఆ కబురు తెలిసిన రోజున అక్కయ్యగారు మా అందరికీ టీ ఇప్పించారు.

అయితే ఇక్కడే వైద్యం చేయించుకునే సిబ్బంది ఫైళ్లు సూపరింటెండెంటుగారి బీరువాలో విడిగా ఉండేవి. బాధ్యతలు అప్పగించే రోజున వాటిని కూడా సరిచూడవలసి వచ్చి, ఆవిడ సొంత ఫైలు ఆవిడ చేతికే వచ్చింది. దానికి దారం లేదు. పైనుంచి అడుగు దాకా "పాత మందే", "పాత మందే". అట్టడుగున, ఎప్పుడో బదిలీ అయిపోయిన డాక్టరుగారి చేతిరాత: "చెల్లెలు పోయి నలభై రోజులు. ఇంట్లో ఎవరూ ఆ అమ్మాయి పేరు ఎత్తడం లేదట. నిద్ర లేదు. మందు మూడు నెలలు. తరువాత కూర్చోబెట్టి మాట్లాడాలి."

ఆ 'తరువాత' పంతొమ్మిదేళ్లయినా రాలేదు. అక్కయ్యగారు స్టూలు మీద కూర్చుని ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. పిమ్మట దాన్ని పైకి తెచ్చి, దారం తీసుకుని, ముడి వేశారు. ఇదంతా మా ఆసుపత్రి వీడ్కోలు సంచికలో రాయవచ్చా అని అడిగితే, "రాయండి. అందరి మొదటి కాగితాలూ పైన పెట్టినదాన్ని, నాది దాచుకుంటానా?" అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో వాదన మళ్లీ మొదలవబోతుండగా ఆవిడ కంచం పక్కకు జరిపి, మెల్లగానే, అయినా అందరికీ వినబడేలా చెప్పారు.

"మాత్ర మానను. ఇన్నేళ్లు నన్ను నిలబెట్టింది అదే. తగ్గించాలో వద్దో డాక్టరమ్మగారు చెప్తారు. కానీ వచ్చే మంగళవారం నుంచి ఆవిడ దగ్గర కూర్చుని మాట్లాడతాను, చెల్లి గురించి. ఇంట్లో కూడా మాట్లాడతాను. దాని ఫొటో బీరువాలోంచి తీస్తున్నాను."

"నువ్వు ఏడుస్తావనే తీసేశాను," అన్నారు భర్తగారు.

"తెలుసు. ఇప్పుడు ఏడవనివ్వండి."

ఆయనే లేచి వెళ్లి, ముందుగదిలో ఒకప్పుడు ఆ ఫొటో ఉన్న మేకుకు ఇన్నాళ్లూ ఏడాదికొకటిగా వేలాడుతూ వచ్చిన కేలండరును తీసేశారు.

దారం అక్కయ్యగారి మంగళవారాలు తేలికగా గడవాలని, ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు, కంటినిండా నిద్రతో ఆవిడ చల్లగా ఉండాలని మా విభాగమంతా కోరుకుంటోంది. మా ముళ్లు ఆవిడ ముడంత గట్టిగా పడవు. మొదటి కాగితం మాత్రం పైనే ఉంటుంది.