ఆకులు మార్చుకునే విందు

నరసరావుపేటలో కొత్తగా తెరిచిన ‘పల్లవి’ రూఫ్‌టాప్ రెస్టారెంట్. మధ్యాహ్నం, ఖాళీ బల్లలు. యజమానురాలు రోహిణి, ఎదురుగా ఆమె పెదనాన్న చెన్నకేశవరావు.

"అయితే పేటలో హోటళ్లన్నీ తిరిగి, చివరికి నా దగ్గరకొచ్చావన్నమాట."

"చివరికేందే? సొంత తమ్ముడి కూతురివి. భోజనం చివర్న తీపి తిన్నట్టు."

"తీపి చానా ఆలస్యంగా గుర్తొచ్చింది పెదనాన్నా. హోటల్ పెట్టిన కాడ్నించీ మన ఊరోళ్లు ఒక్కళ్లు మెట్లెక్కలా. ‘ఆ పిల్ల అవతలి ఊరి కోడలు’ అంటారంట. మా అత్తారి ఊరోళ్లేమో ‘ఇవతలి ఊరి ఆడపిల్ల’ అంటారు. ఇద్దరికీ నా బిర్యానీలో శత్రువే కనపడతాడు."

"అందుకేగా వచ్చింది. రేపటి రాజీ విందు నీ దగ్గర జరిగితే, ఎల్లుండి నుంచి రెండూళ్లూ ఇక్కడే తింటాయి."

"చెడితే నేను షట్టర్ దించుకుని ఇంట్లో కూర్చోవాలి. అదీ తెలుసు. ఇంతకీ మిగతా హోటళ్లకి ఏమొచ్చింది? స్టేషన్ దగ్గర మీల్స్ హోటల్?"

"సాంబారు పోసే లోపే వెనక ఇంకోడొచ్చి కుర్చీ పట్టుకుంటాడు. విందు కాదది, బస్సులో సీటు."

"గుంటూరు రోడ్డులో ఏసీ హోటల్?"

"తిండి బానే ఉంది. హాలుకి నాలుగు పక్కలా బాత్రూములు."

"అది మంచిదేగా."

"ఎవరికి మంచిది?"

"ఏందో. బైపాస్ మీద గార్డెన్ రెస్టారెంట్? చల్లగాలి."

"చుట్టూ పొలాలు."

"నువ్వు పుట్టిన కాడ్నించీ నీ చుట్టూ ఉన్నయ్యి పొలాలేగా."

"చీకట్లో మనిషి అటూ ఇటూ తప్పుకోటానికి వీలెక్కువ."

"బార్?"

"పోయినసారి రాజీ బార్‌లోనే పెట్టారు. పెగ్గులతో మొదలెట్టి కుర్చీలతో ముగించారు."

"ఎత్తిపోతల దగ్గర గెస్ట్‌హౌస్ ఉందిగా?"

"అది నాకు బాగా నచ్చింది. ఆ నీళ్ల చప్పుడు ఉంది చూడు, మనిషిని లోపల్నించి కదిలిచ్చిద్ది. పెద్దమనుషులే అంత దూరం రామన్నారు."

"మా దగ్గర మందు ఉండదు. సోడా, మజ్జిగ, అంతే."

"మజ్జిగ చాలు. చెంబులతో పొయ్యి. అవునూ, బాత్రూములు ఎన్నన్నావు?"

"వచ్చిన కాడ్నించీ అదే అడుగుతన్నావు. రెండు. ఒకటి రిపేరు. ప్లంబర్‌కి ఫోన్ చేశా."

"చెయ్యబాక. ఒకటి చాలు. ఎంత దూరం?"

"స్టేజీ పక్కగా, కిచెన్ వెనక్కి పోయి, మెట్లు దిగాలి."

"బావుంది."

"బాత్రూమ్ దూరంగా ఉంటే బావుందనే కస్టమర్ని ఇప్పుడే చూడటం. సరే, పాటల సంగతేంది? హలీమా పాడిద్ది, వాళ్లన్న జమాల్ ప్యాడ్స్ వాయిస్తాడు. నాలుగు పాటలు చాలుగా?"

"ఆపకూడదు. ఒకటి అవగానే ఇంకోటి ఎత్తుకోవాలి. పాడే మనిషి ముందు నుంచి లేచిపోతే మర్యాద కాదని పెద్దమనుషులు కూర్చుంటారు. విందు సాగాలి."

"నా పెళ్లిలో సన్నాయి ఆపమని అరిచింది నువ్వేగా? సంగీతం మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"వయసు మీద పడితే అట్టాంటివి పుడతయ్యి."

"రేపు వడ్డించే వాళ్లకి చెప్పుకోవాలి, పద్ధతి ఒకసారి చెప్పు."

"మన రెండూళ్ల పద్ధతి తెలియందా? నాకూ మీ అత్తారి ఊరి పెద్ద మస్తాన్‌రావుకీ ఎదురెదురు ఆకులు. వడ్డన అయ్యాక పెద్దమనుషులు ఆకులు మారుస్తారు. నాకు పెట్టింది వాడు తినాలి, వాడికి పెట్టింది నేను తినాలి. మనసులో ఏం లేదని గుర్తు. తినేటప్పుడు మధ్యలో లేవకూడదు. ముందు లేచినోడికి రాజీ ఇష్టం లేనట్టు. ఇక శివరాత్రి తిరనాళ్లకి బండ్ల మీద ఎత్తుగా ప్రభలు కట్టుకుని కోటప్పకొండ పోయే దారిలో వాడి ఊరి ప్రభ ఎప్పటికీ వెనకే."

"ఇద్దరూ చివరిదాకా కూర్చుంటే?"

"ఒక ఏడు మన ప్రభ ముందు, ఒక ఏడు వాళ్లది."

"న్యాయంగానే ఉందిగా."

"న్యాయంగానే ఉంది. అదే బాధ."

"ఊఁ."

"ఇంకో చిన్న మాట. నా ఆకులో గోంగూర మాత్రం మీది వెయ్యబాక. మా ఇంటి నుంచి క్యారేజీ వచ్చిద్ది."

"ఎందుకు?"

"బీపీ. మీ పెద్దమ్మ ఉప్పు తగ్గించి చేసిద్ది."

"నీ ఆకు నువ్వు తినవుగా పెదనాన్నా. మస్తాన్‌రావు మామయ్య తింటాడు."

"వాడికీ బీపీ ఉండొచ్చుగా."

"మామయ్య బీపీ మీద నీకింత బెంగ ఉందనుకోలా."

"పొరుగూరోడు. ఆమాత్రం ఉండొద్దా?"

"గోంగూరలో ఏం కలిపావు?"

"ఏమే, నన్ను పట్టుకుని..."

"విషమా?"

"ఛీ ఛీ. వాడు చస్తే కేసొచ్చిద్ది, ప్రభ కదలకుండా స్టే వచ్చిద్ది. వాడు చావకూడదు. లేవాలి. అంతే."

"అంటే?"

"పశువుల ఆస్పత్రి కాంపౌండరు ఒక పొడి ఇచ్చాడు. కడుపు బిగిసిన బర్రెకి వేసేదంట. మనిషికి చిటికెడు చాలన్నాడు."

"నువ్వెంత వేద్దామని?"

"వాడిది కాస్త పెద్ద ఒళ్లుగా."

"ఓహో. అందుకా పొలాలు వద్దంది, మజ్జిగ చెంబులతో పొయ్యమంది. స్టేజీ మీద హలీమా రాగం తీస్తుంటే మామయ్య పంచె పట్టుకుని మెట్లు దిగాలి."

"దిగనీ. దిగితే ప్రభ మనది. నువ్వు మాత్రం నోరిప్పబాక. పుట్టింటి పరువు."

"ఇప్పను. పొద్దున కూడా ఇప్పలా."

"పొద్దునేంది?"

"పొద్దున మామయ్య వచ్చాడు. ఇదే కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఆకులో పప్పు వాళ్లింటి నుంచి వచ్చిద్దంట. షుగరంట."

"వాడికి షుగరెప్పుడొచ్చింది?"

"బాత్రూములు ఎన్నని అడిగాడు. ఒకటే పనిచేస్తందని చెప్పా. బావుందన్నాడు."

"వాడి ఆకంటే... నేను తినే ఆకు."

"నువ్వు తినే ఆకే."

"ఎంత దుర్మార్గుడే వాడు."

"చానా దుర్మార్గం. అట్టాంటి ఆలోచన మనిషికెట్టా వచ్చిద్దో."

"నువ్వెట్టా ఒప్పుకున్నావే?"

"నీకు ఒప్పుకున్నట్టే. ఒకరికి కాదంటే, నేను రెండో ఊరి మనిషినని ముద్రేసి పోతారు."

"నేను రాను. జ్వరమని చెప్పు."

"రాకపోతే లేచినట్టే లెక్క."

"పోనీ, నా గోంగూర మానేస్తా."

"మానెయ్. అప్పుడు నువ్వొక్కడివే మెట్లు దిగుతావు."

"వాడి పప్పు ముట్టుకోకపోతే?"

"ఆకులో మెతుకు మిగిలితే అవతలి ఊరికి అవమానం. ఆ రూలు పెట్టింది మీ నాన్నేగా."

"మీ తాత ఎప్పుడూ ఇంతే. ముందుచూపు లేదు."

"దారి ఒకటే. ఇద్దరూ మానాలి. ఫోన్ చేసి మాట్లాడు."

"వాడితోనా? మా ఇద్దరికీ మాటల్లేవు."

"రేపు రాజీ అంటన్నావు?"

"రాజీ వేరు, మాట్లాడుకోటం వేరు."

"ఇదిగో, రింగవుతంది. పట్టుకో."

"ఏమే... హలో. నేనే. చెన్నకేశవరావుని... కాదు, పొరపాటున కాదు, చూసుకునే చేశా... నీ పప్పు సంగతి తెలిసింది... ఏం గోంగూర?... ఏందీ, ఆ కాంపౌండరు నీక్కూడా ఇచ్చాడా?... వాడు మొన్న నాకు దండం పెట్టి మరీ ఇచ్చాడు... సరే, ఇప్పుడెందుకది. ఇద్దరం మానేద్దాం. కొండ మీద కోటయ్యసామి సాక్షి... నువ్వు కూడా అను... గట్టిగా అను, వినపడలా... ఆఁ. మోకాళ్లా? నాకూ అంతే, ఎడమది మరీ... సరే బావా, రేపు కలుద్దాం."

"బావా అన్నావు."

"నోరు జారింది."

"చాన్నాళ్లకి మంచిపని చేశావు పెదనాన్నా. ఇక రెండాకులూ నా కిచెన్ నుంచే. రేపు హాయిగా పాటలు వింటా తినండి. నా హోటలూ నిలబడిద్ది."

"నిలబడిద్ది, నిలబడిద్ది. క్యారేజీ మాత్రం సాయంత్రానికి పంపిస్తా."

"ఏం క్యారేజీ?"

"గోంగూర."

"ఇప్పుడే కోటయ్యసామి సాక్షి అన్నావు."

"వాడు పప్పు మానేస్తన్నాడుగా. అంటే ఇక మెట్లు దిగేది వాడొక్కడే."

"ఒట్టు?"

"రాజీ రేపు. అందాకా శత్రువులమేగా. శత్రువుకి పెట్టిన ఒట్టు సామి లెక్కలోకి రాదు."

"ఆగు, ఫోన్. చెప్పండి మామయ్యా... ఆఁ, ఇక్కడే ఉన్నాడు... లేదులెండి, వినపడదు... అవునండీ, మానేస్తన్నాడంట... ఊఁ... ఊఁ... పంపండి మామయ్యా, నాదేముంది, నేనే దగ్గరుండి వడ్డిస్తా."

"ఏమంటన్నాడే?"

"పప్పు కాస్త పెద్ద క్యారేజీలో వచ్చిద్దంట. ఇక ప్రభ సంగతి తర్వాత, ముందు నా బాత్రూమ్ తాళంచెవి ఎవరి దగ్గరుండాలో మీరిద్దరూ కూర్చుని రాజీ పడండి."