పెంచలి ఉడత

పదేళ్ల పెంచలి జ్వరంతో చనిపోయిన ఐదో రోజు. అల్లూరులో ఆ ఇంటి వసారాలో, కిరసనాయిలు డబ్బాకు చిల్లులు పొడిచి చేసిన గూడు ముందు ఆ పిల్ల తల్లీ, మేనమామా మిగిలారు.

"నిలబడి తియ్యబాకరా అబ్బయా. కింద కూర్చో. ఎత్తునుంచి దూకితే ఉడతకు నడుం విరుగుద్దని పెంచలి చెప్పేది గదా."

"కూర్చున్నాలే అక్కా. తలుపు మూసినావా? మీ పిల్లికి నాకంటే ఆకలెక్కువ."

"మూసినా. పైనుంచి పట్టుకోబాక, గద్దనుకుంటది. అరచెయ్యి పరువు, అదే ఎక్కుద్ది."

"ఎక్కడెక్కుద్ది? మూలన ముడుచుకోనుంది. ఒరే బుడ్డోడా, వచ్చి మామ వేలు కొరకరా! శెనక్కాయ గూడా ముట్టలేదే."

"మూడు రోజులనుంచి అంతే. బుడ్డోణ్ణి చూసుకోమ్మా అని పోయేముందు పెంచలి నాకు చెప్పిందిరా. ఇది గూడా పోతే నేనేం చేసేది?"

"ఏడవబాక. ఒకటి చేస్తా, తిట్టవు గదా?"

"ఏంది?"

"పెంచలి మాదిరే గొంతు పెట్టి పిలిచి, ఉడతను నా దగ్గరికి లాక్కోని ఆ పిల్లను ఏడిపించేవాణ్ణి గదా. అట్టా పిలిచేదా?"

"...పిలువు."

"బుడ్డోడా... దా నాయనా, దా దా దా... అక్కా, కదిలింది! చేతిలోకి వచ్చేసింది. అదో, శెనక్కాయ కొరకతా ఉంది చూడు!"

"ఇంకోసారి పిలవరా."

"ఇంకెందుకక్కా, తింటా ఉంది గదా?"

"దాన్ని కాదురా. నన్ను పిలువు. ఒక్కసారి, అమ్మా అని."