మైసమ్మ మ్యాకను తిన్న సర్పంచ్

కూసో బిడ్డా సమతా, జర ఆ స్టూలు ఇటు గుంజు, ఈ కాలు సాపితే మళ్ల ముడుసుడు కష్టం. ఏందీ, నామినేషన్ వాపసు తీసుకుంటవా? వాట్సాప్‌ల ఏసిండ్రనా? "పదో తరగతిల లైసెన్సు లేకుంట స్కూటీ నడిపి శకుంతలమ్మను గుద్ది ఉరికింది, గీమెకు ఓటేస్తరా" అని. నేను గూడ సూశిన. కాలిరిగింది నాది, ఏడిసేది నువ్వు! ముక్కు తుడుసుకో. మా అంతయ్య సంగతి ఎరుకేనా నీకు? నువ్వు పుట్టకముందే పోయిండులే. మన ముడిమ్యాల ఊర్ల గసొంటి సర్పంచ్ మళ్ల రాలే. పోరగాడప్పుడు ఆయనేం జేశిండనుకున్నవ్? మైసమ్మ పేరు మీద ఇడిసిన మ్యాకను కోసుకొని తిన్నడు! నవ్వకు, అప్పట్ల గది శిన్న తప్పా? మొక్కి ఇడిసిన మ్యాక చేన్ల వడి మేసినా ఎవ్వలు కట్టె లేపకపోయేది, జాతర దాక దానిదే రాజ్యం. అది మా మామ కుర్మయ్యది. ఇగ మామ కోపం జూడాలె, అన్నంల రాయొస్తే పళ్లెం వాకిట్లకు ఇసిరేటోడు, మా అత్తమ్మ పాపం... ఆఁ, ఏం జెప్తున్న? మ్యాక.

పెద్దగయినంక అంతయ్య సర్పంచ్‌కు నిలవడ్డడు. ఎదురుంగ ప్రభాకర్. ఆయన జీపుకు మైకు గట్టి, గొంతు గిట్ల సాగదీసి, "అయ్యలారా, అమ్మలారా, మైసమ్మ తల్లి మ్యాకను మింగినోడు ఊరిని మింగడా? గుట్టెనుక కాల్చి, ఉప్పు గూడ లేకుంట తిన్నడు!" అన్నడు. మా మామ లేశి, "ఉప్పు లేదని నీకెట్ల ఎరుకరా ప్రభాకరా?" అన్నడు. ఇగ సూడు నవ్వుడు! నేను కొత్త కోడల్ని, కొంగు నోట్ల కుక్కుకున్న. మామ కూసోలే. "అంతయ్య తెల్లారే నా ఇంటికొచ్చిండు. నేనే తిన్న కాకా అన్నడు. దెబ్బలు వడ్డడు, వాళ్లింట్ల మ్యాకపిల్లను తెచ్చి అమ్మోరికి ఇడిసిండు. నువ్వు రోజు నా ఇంటి ముంగటికెళ్లే బడికి వోతుంటివి, ఒక్కనాడు నోరు తెరిస్తివా?" అని అడిగిండు. అంతయ్య గెలిశిండు. గెలిశినంక జాతర వస్తే ఆడోళ్లం "సర్పంచ్ సాబ్ వస్తున్నడు, మ్యాకను లోపల కట్టెయ్యిండ్రి" అని ఎక్కిరిస్తుంటిమి. ఆయన గూడ నవ్వేటోడు.

అగో, నువ్వు గూడ నవ్వవడ్తివి. నిన్న ఆ ఎదుటి పార్టీ పోరగాండ్లు ఫోన్ వట్టుకొని నా కాడికొచ్చిండ్రు. "అవ్వా, సమతనే గుద్దిందని కెమెరా ముంగట చెప్పు" అని. "పదిహేనేండ్ల పోరి, బుగులువడి ఉరికింది. మీ ఇండ్లల్ల పిల్లలు బండ్లు నడుపుతలేరా?" అని ఎల్లగొట్టిన. నువ్వేం వాపసు తీసుకోకు, నా ఓటు నీకే. మీ బాపు దవాఖానకు తిప్పిండు, మీ అమ్మ పూటపూటకు అన్నం దెచ్చింది, నేనెవ్వల్నేం అన్లే. నువ్వే... గిన్నేండ్ల సంది ఈ గడప ముంగటికెళ్లి తిరుగుడే గని, "అవ్వా, నొస్తున్నదా" అని ఒక్కసారి అడగలే బిడ్డా. కాలు ఇరిగినదానికంటె గదే ఎక్కువ నొచ్చింది నాకు. ఇయ్యాల గూడ వచ్చి నామినేషన్ ముచ్చటనే తెస్తివి.

సరే తియ్. పొయ్యి మీద పాలున్నయి, పొంగుతున్నయేమో జర సూడు.